ఇల్లు ఖాళీ చేసే ముందు కూడిక

మా ఇంట్లో అందరికంటే పాత జ్ఞాపకం ఒక కాలవది. ధాత కరువు రోజుల్లో, అంటే 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ఆకలితో అల్లాడిన రోజుల్లో, మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మట్టి తట్టలు మోసింది. ఒంగోలులో మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొరగారికి అమెరికాలో ఉండగానే సర్వే పనిలో అనుభవం ఉంది. ఆయన ఆ కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, తిండి లేక చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోతున్న జనానికి పని కల్పించారు. కరువు పనులు సాగినన్నాళ్ళూ మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో మా ముసలమ్మ కూడా ఉందని నాయనమ్మ గట్టిగా చెప్పేది.

నాయనమ్మ ఈ కథ చెప్పేటప్పుడు కరువు గురించి తక్కువ, కాలవగట్టు మీద విన్న వాక్యం గురించి ఎక్కువ చెప్పేది. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి" అని బోధకుడు అంటుంటే, నెత్తిన తట్ట పెట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ మాట అచ్చంగా తనతోనే అన్నట్టు వినిపించిందట. ఆవిడకి చదువు రాదు. ఆ ఒక్క వాక్యాన్నే చచ్చిపోయేదాకా చెప్పుకుందట.

అదే కాలవ మద్రాసు దాకా వస్తుంది. అదే కరువులో ఇక్కడ కూవం నదికీ అడయారుకీ మధ్య 8 కిలోమీటర్లు తవ్వించారు. నా ఉద్యోగం చేపాక్ వైపు. బీచ్ స్టేషను నుంచి చేపాక్ దాకా లోకల్ రైలు 1995లో, మైలాపూరు దాకా 1997లో మొదలైంది. ఆ పట్టాలని మోసే స్తంభాలు చాలాచోట్ల ఆ కాలవలోనే దిగి ఉంటాయి. ఒకప్పుడు ఆంధ్ర వైపు నుంచి పడవలు సరుకులేసుకుని వచ్చిన కాలవ ఇది. కిటికీ పక్కన కూర్చుని కిందికి చూస్తే నల్లటి నీళ్ళు, ప్లాస్టిక్ సంచులు, అడ్డంగా సిమెంటు స్తంభాలు కనిపించేవి. మా వాళ్ళ చెమట పడ్డ కాలవ ఈ స్థితికి వచ్చిందే అని బాధపడేదాన్ని. మళ్ళీ ఆ స్తంభాల మీదే కదా రోజూ ఆఫీసుకి వెళ్తున్నానని కూడా అనుకునేదాన్ని. ఈ రెండు ఆలోచనలూ కలిసే వచ్చేవి, ఒకదాన్నొకటి కొట్టెయ్యకుండా. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నది దాదాపు ఇదే. దాన్ని ఆవిడ మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు. ఇళ్ళు ఖాళీ చేస్తూ, మనుషుల్ని సాగనంపుతూ చూపించింది.

తాతయ్య మిల్లు పనికోసం మద్రాసులోని పెరంబూరు వచ్చాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు అటు కలవదని తేలిపోయాక వెనక్కి వెళ్ళాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగిందంటారు. పెరంబూరులోనే ఉండిపోయారు. 1955 అక్టోబరు 2న నెహ్రూగారు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించారు. అయిదేళ్ళ తర్వాత నాన్న అందులో చేరాడు. షెల్ షాపులో వెల్డరు. రైలుపెట్టె గోడలు, కప్పు, నేల అన్నీ అక్కడే అతికేది. ఆ షెల్ తయారయ్యాకే సీట్లకీ ఫ్యాన్లకీ ఫర్నిషింగుకి పంపుతారు. నాన్న ఖాకీ చొక్కా చేతుల మీద నిప్పురవ్వలు పడి సన్నటి చిల్లులుండేవి. అమ్మ వాటిని దారంతో పూడ్చేది. ఆ చొక్కా వాసన నాకింకా గుర్తే: కాలిన ఇనుము, చెమట, లైఫ్‌బాయ్ సబ్బు.

మాకు ఫ్యాక్టరీ క్వార్టర్స్ ఇచ్చారు. ఎర్రటి గచ్చు నేల, రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు. పెరట్లో అమ్మ నాటిన కరివేపాకు చెట్టు. డిసెంబరు రాగానే నాన్న వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితాలంటించి, లోపల బల్బు పెట్టి నక్షత్రం చేసేవాడు. క్రిస్మస్ ముందు రాత్రుళ్ళు మా తెలుగు చర్చి సంఘం వాళ్ళు పాటలు పాడుతూ ఇంటింటికీ వచ్చేసరికి తెల్లవారుజాము అయ్యేది. అరిసెలు, చేగోడీలు పళ్ళెంలో సర్ది పెట్టుకుని అమ్మ కునుకుతూ కాచుకునేది. నేనూ చెల్లీ మాత్రం నిద్రపోకుండా హార్మోనియం చప్పుడు కోసం చెవులు రిక్కించేవాళ్ళం. ఆ పాటల్లో తొందర ఉండేది కాదు. ఒక్కో చరణం తీరిగ్గా, తాళానికి తల ఊపుకుంటూ పాడేవాళ్ళు.

ఆ ఇంట్లోనే తమ్ముడు పుట్టాడు. ఆ ఇంట్లోనే పోయాడు. 1977లో, వాడికి నాలుగేళ్ళప్పుడు. మెదడువాపు జ్వరం. కిటికీ పక్కన వాడి నవారు మంచం. అందులో పడుకుని, ఫ్యాక్టరీ సైరను కూసినప్పుడల్లా "నాన్న వచ్చేస్తున్నాడు" అనేవాడు. పొద్దున కూసినా అదే మాట.

వాడు పోయిన మూడో రోజు ప్రార్థన కూడికలో సంఘ పెద్ద ఒకాయన, బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు మాట ఎత్తాడు. "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక." అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ అనలేదు. గోడకి ఆనుకుని నేలవంక చూస్తూ కూర్చుంది. నాకు పదకొండేళ్ళు. పక్కనే కూర్చుని అమ్మ పెదాలే చూస్తున్నాను. అవి కదల్లేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు గుడిలో, అంటే మా చర్చిలో, ఎవరు ఆ వాక్యం చదివినా అమ్మ తల వంచుకునే ఉండేది. ఒకసారి మా మేనత్తల్లో ఒకావిడ దీన్ని పట్టుకుని, విశ్వాసం తగ్గిందని నసిగితే, నాయనమ్మ ఊరుకోలేదు. "దాన్ని తొందరపెట్టబాకండి. దేవుడే తొందరపడటం లేదు, మనకేంటి?" అంది. తొమ్మిదో తరగతి కూడా చదవని మా నాయనమ్మ చెప్పినంత మంచి మాట నేను ఆ విషయం మీద ఇంకెవరి నోటా వినలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చావు ఇంటికి వెళ్ళి, కన్నీళ్ళు ఆరకముందే "అంతా దేవుని చిత్తం" అనేవాళ్ళంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ యోబు ఆ మాట అన్న తర్వాత ఇంకా నలభైఒక్క అధ్యాయాలు ఉన్నాయి. వాటిలో ఆయన ఏడ్చాడు, పుట్టిన రోజును శపించాడు, దేవుణ్ణి నిలదీశాడు. స్నేహితులు వచ్చి మొదటి ఏడు రోజులు ఒక్క మాటైనా మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసినవాటిలో మంచి పని అదొక్కటే. అంగీకరించడానికి ఎంత కాలం పడుతుందో బైబిలే చూపిస్తుంది. మనమే మూడో రోజుకి కుదించాలని చూస్తాం.

1996లో నాన్న రిటైరయ్యాడు. అప్పటి లెక్క ప్రకారం 58 ఏళ్ళకి. అదే ఏడు మద్రాసు పేరు చెన్నై అయింది. అదే ఏడు తెలుగుగంగ కాలవలో కృష్ణ నీళ్ళు ఈ ఊరి చెరువుకి చేరాయి. బిందెల వరసల్లో పెరిగిన మాకు అది చిన్న విషయం కాదు. కొన్ని నెలల్లో క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి. విల్లివాక్కంలో నాన్న లోను పెట్టి కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఉంది. సొంతిల్లే, సంతోషించాల్సిందే. కానీ అమ్మ ముఖంలో ఆ సంతోషం లేదు. సామాను సర్దుతూ కిటికీ పక్కకి వచ్చినప్పుడల్లా ఆగిపోయేది. తమ్ముడు ఉన్న ఇల్లు అదొక్కటే కదా. కొత్తింట్లో వాడు ఒక్కరోజు కూడా లేడు.

ఒక సాయంత్రం అమ్మ గుడికి వెళ్ళి మా పాస్టరు అయ్యగారిని అడిగింది, ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకోవాలని. ఆయన కొత్త ఇంటికనుకుని తారీకు అడిగారు. "కొత్తింటికి తర్వాత చూద్దాం అయ్యగారూ. ముందు పాతింటికి. చేరేటప్పుడు ప్రార్థన చేసుకున్నాం, వెళ్ళేటప్పుడు చేసుకోకపోతే ఎట్లా?" అంది. మేం అప్పటిదాకా అట్లాంటి కూడిక ఎక్కడా చూడలేదు.

సామానంతా అప్పటికే లారీకి కట్టి ఉంచారు. ఖాళీ గదుల్లో చాపలు పరిచాం. స్త్రీల సమాజం వాళ్ళు వచ్చారు. ఎదురింటి తమిళులు, పక్కింటి మలయాళీ టీచరు, నాన్నతో షాపులో పనిచేసిన ఒక సాయిబుగారు కూడా వచ్చారు. పాట ఎత్తుకుంటే ఖాళీ గోడలకి తగిలి రెట్టింపు గట్టిగా వినిపించింది. అయ్యగారు బైబిల్లోని హెబ్రీ పత్రికలోంచి అబ్రాహాము గురించి చదివారు, "ఎక్కడికి వెళ్లవలెనో అది ఎరుగక బయలువెళ్లెను" అన్నచోట. ఆయన ప్రసంగం అయ్యాక అమ్మ లేచి, నేను కాసేపు చెప్తానంది.

వంటింట్లోంచి మొదలుపెట్టింది. గది గుమ్మంలో నిలబడి, ఆ గదిలో జరిగినవి పేరుపేరునా చెప్పి, "స్తోత్రం ప్రభువా" అనేది. నెలాఖరున డబ్బాలో బియ్యం అడుగంటినప్పుడు ఎదురింటామె అడక్కుండానే సోలెడు తెచ్చి పోసిందని చెప్పి, ఆమె వైపు తిరిగి, తమిళంలో మళ్ళీ చెప్పింది. నాన్న చేతికి వెల్డింగు దెబ్బ తగిలి ఇంట్లో పడుకున్న వారాలు. నేను మెట్రిక్ పాసైనప్పుడు పంచిన కేసరి. చెల్లి పెళ్ళిచూపులు. నాయనమ్మ ఆఖరి రోజులు, ఆవిడ మంచం ఉన్న మూల. ఒక్కొక్కటి చెప్పడం, స్తోత్రం అనడం. చివరికి కిటికీ దగ్గరికి వచ్చింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఎవరూ కదల్లేదు. నాన్న మాత్రం బయటికి వెళ్ళి పెరట్లో నిలబడ్డాడు.

"ఇక్కడ నా కొడుకు నాలుగేళ్ళు ఉన్నాడు" అంది అమ్మ. వాడు సైరను వినగానే ఏమనేవాడో చెప్పింది. పప్పన్నంలో నెయ్యి కనపడాలని ఎట్లా పేచీ పెట్టేవాడో, క్రిస్మస్ నక్షత్రం వెలిగించగానే చప్పట్లు ఎట్లా కొట్టేవాడో చెప్పింది. మేం మర్చిపోయినవి, మాకసలు తెలియనివి కూడా చెప్పింది. ఆ తర్వాత, పంతొమ్మిదేళ్ళ తర్వాత, యోబు మాట తన నోటితో మొత్తం అంది. "యెహోవా ఇచ్చెను" అన్నప్పుడు గొంతు గట్టిగానే ఉంది. "తీసికొనిపోయెను" అన్నప్పుడు వణికింది. చివరి మాట అన్నాక ఆమేన్ తనే అంది.

వాడు పోవడం మంచికే అని అమ్మ అప్పుడూ అనలేదు, ఇప్పటికీ అనదు. వాణ్ణి ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది. ఇచ్చినదాన్ని పూర్తిగా, వివరంగా, వెనక్కి తిరిగి లెక్కపెట్టుకున్నాకే తీసుకున్నదాని గురించి నోరు తెరిచింది. నేను నా జీవితంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. మార్పును ఎట్లా ఒప్పుకోవాలో ఆ సాయంత్రం నాకు అర్థమైనంత ఏ ప్రసంగంలోనూ అర్థం కాలేదు. అంతకుముందు నాకు అంగీకారం అంటే నోరు మూసుకోవడమనే ఉండేది.

వెళ్ళే ముందు, ఆ క్వార్టర్స్ కేటాయించిన కొత్త కుటుంబం ఇల్లు చూసుకోవడానికి వచ్చింది. అమ్మ ఆ అమ్మాయిని పెరట్లోకి తీసుకెళ్ళి కరివేపాకు చెట్టు చూపించింది. రెమ్మ ఎక్కడ విరిస్తే మళ్ళీ గుబురుగా వస్తుందో చేత్తో పట్టుకుని చూపించింది.

నాన్న 2011లో పోయాడు. కీల్పాక్ సమాధుల తోటలో కొత్త సమాధికి చోటు దొరకడం కష్టం. తమ్ముడి సమాధినే మళ్ళీ తెరిచి అందులోనే నాన్నని పెట్టాం. ఆ మాట మొదట విన్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. అమ్మే నా చెయ్యి పట్టుకుని, "వాడు ఎప్పుడూ అనేవాడుగా, నాన్న వచ్చేస్తున్నాడని" అంది. దాని మీద నేనేం రాయలేను.

విల్లివాక్కం ఇల్లు అమ్మి అమ్మ మా దగ్గరికి, కొళత్తూరుకి వచ్చేసింది. అక్కడా వెళ్ళే ముందు కూడిక జరిగింది, ఈసారి చిన్నదే.

2018 జనవరిలో పేపర్లో చూశాను, పెరంబూరులో పాత రకం పెట్టెల తయారీ ఆపేశారని. ఇక అన్నీ జర్మన్ డిజైను ఎల్‌హెచ్‌బీ పెట్టెలే. వేగం ఎక్కువ, ప్రమాదం జరిగినా ఒకదానిమీదొకటి ఎక్కవు, అన్నివిధాలా మంచివేనని నాకు తెలుసు. అయినా ఆ రోజంతా మనసు బాగోలేదు. నాన్న ముప్ఫయ్యారేళ్ళు అతికిన పెట్టెలు అవి. అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "వాటిల్లో ఎక్కినోళ్ళు ఎంతమంది వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి చేరారో కదమ్మా" అంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో దానికీ స్తోత్రం చెప్పింది.

నాకు అన్నిటికంటే కష్టంగా ఒప్పుకోవాల్సి వచ్చింది మా గుడిలో వచ్చిన మార్పు. నా చిన్నతనంలో మా సంఘంలో ఆరాధన మొత్తం తెలుగే. పిల్లలు తెలుగు మీడియం బడులకి వెళ్ళేవాళ్ళు, సండే స్కూల్లో కంఠత వాక్యాలు పోటీపడి చెప్పేవాళ్ళు. ఆ బడులు ఒక్కొక్కటే తగ్గాయి. 2006 చట్టంతో తమిళనాడులో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మా అమ్మాయి సరిగ్గా ఆ ఏడే ఒకటో తరగతి. తమిళం బాగా నేర్చుకుంది, దాని తమిళం విని తమిళులే మెచ్చుకుంటారు. ఏ భాషనీ తప్పుపట్టను. ఈ ఊరు మాకు అన్నం పెట్టింది, దీని భాష పిల్లలకి రావాల్సిందే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి తెలుగు బైబిలు తెరిస్తే ఒక్క అక్షరం తెలియదు. గుడిలో ఆ వయసు పిల్లలందరిదీ అదే పరిస్థితి. అందుకని పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి స్క్రీను మీద వెయ్యడం మొదలుపెట్టారు. మా నాన్న తీరిగ్గా పాడిన కీర్తనలు గిటారు, డ్రమ్ముల వేగానికి మారాయి. నెలకో ఆదివారం ఇంగ్లీషు ఆరాధన పెట్టారు.

దీని మీద సంఘంలో పెద్ద గొడవే అయింది. తెలుగు సంఘంలో తెలుగే ఉండాలని పెద్దవాళ్ళం పట్టుబట్టాం. ఆ సమావేశంలో అమ్మ లేచి నిలబడింది. "పెంతెకొస్తు నాడు శిష్యుల మాటలు ఎవరి భాషలో వాళ్ళు విన్నారు. మన పిల్లలు వినాలా, అక్కర్లేదా? మా ముసలాళ్ళకి కాలవగట్టు మీద వాళ్ళ మాటల్లో చెప్పారు కాబట్టే మనం ఇక్కడున్నాం" అంది. ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. కానీ ఒప్పుకున్నంత మాత్రాన బాధ పోలేదు. ఆ స్క్రీను మీద తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది. అమ్మకి చెప్తే, "కలుక్కుమననీ. అది ప్రేమే కదా. పాడటం మాత్రం మానకు" అంది. అందుకే ఇప్పుడు ఆ కుర్రాళ్ళ వేగాన్ని అందుకోవడానికి ప్రయత్నిస్తూ పాడుతున్నాను.

అమ్మకి నీటికాసులు వచ్చి చూపు మెల్లమెల్లగా తగ్గింది. డాక్టర్లు చుక్కల మందు వేయించారు, ఆపరేషను చేశారు, పోయిన చూపు మాత్రం రాలేదు. 2020 నాటికి అక్షరాలు కనిపించడం పూర్తిగా ఆగిపోయింది. ఆ మార్చిలో లాక్‌డౌను వచ్చింది. ఏప్రిల్ 12న ఈస్టర్, గుడికి తాళం. అయ్యగారు ఫోనులో ప్రార్థన చేశారు. నా కూతురు కాలేజీ మూసేయడంతో ఇంట్లోనే ఉంది. ఒకరోజు వంటింట్లో పనిచేసుకుంటుంటే వాళ్ళిద్దరి మాటలు వినపడ్డాయి.

"అమ్మమ్మా, నేను చదువుదామంటే నాకు తెలుగు రాదుగా."

"నాకు కళ్ళు లేవు, నీకు అక్షరాలు లేవు. ఇద్దరం కలిసి చదువుదాం, పట్టుకురా."

ఇరవైమూడో కీర్తన దగ్గర పేజీ తెరిపించింది. తనకి కంఠతా వచ్చు. "యెహోవా నా కాపరి" అని నెమ్మదిగా ఒక్కో అక్షరం విడదీసి చెప్పేది. ఆ పిల్ల వేలు పెట్టి, చెప్పిన అక్షరం ఏదో వెతికి పట్టుకునేది. "ఇదిగో, ఈ తలకట్టు పక్కన కొమ్ములా ఉన్నదేంటి?" అని అడిగితే, అమ్మ దాని అరచేతిలో తన వేలితో అక్షరం రాసి చూపించేది, ఇదేనా అని. చూపు లేని మనిషి చూపున్న మనిషికి చదువు చెప్పడం. ఆ వేసవి అంతా అదే పని. నేను నా కూతురికి నేర్పించాలని ఎన్ని పలకలు కొన్నానో, ఎన్ని పుస్తకాలు తెచ్చానో. అప్పుడు కుదరంది ఆ వేసవిలో కుదిరింది. ఒత్తులు ఇప్పటికీ తడబడుతుంది. అయినా తెలుగు బైబిలు చదువుతుంది.

ఇప్పుడు దానికి పెళ్ళి కుదిరింది. అబ్బాయి వాళ్ళది తిరునెల్వేలి వైపు, బెంగళూరులో ఉద్యోగం. నాలుగు తరాలుగా క్రైస్తవులు, మంచి కుటుంబం. పెళ్ళి వాళ్ళ తమిళ గుడిలో. తర్వాత పిల్ల అక్కడి సంఘంలోనే ఉంటుంది. బైబిల్లోని రూతు కథ ఈమధ్య నా మనసులో తిరుగుతోంది. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అని అత్తతో అన్న కోడలి గురించి పెళ్ళిళ్ళలో ఎన్నోసార్లు విన్నాను. ఆ అత్త నయోమి గురించీ విన్నాను. రెండో అధ్యాయంలో, తర్వాత ఆమెని పెళ్ళాడిన బోయజు రూతుతో, నువ్వు నీ తల్లిదండ్రుల్ని విడిచి వచ్చావని అంటాడు. అంటే తను పుట్టిన మోయాబులో ఆ పిల్లకి ఒక తల్లి ఉంది. కూతురు వేరే ఊరికి, వేరే భాషకి, వేరే గుడికి వెళ్ళిపోయాక ఆవిడ ఇంట్లో ఏం చేసిందో ఎవరూ చెప్పలేదు. నేను అమ్మ మంచం పక్కన కూర్చుని ఈ మాటే అన్నాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "ఆ తల్లి కన్న పిల్ల వంశంలోనే కదమ్మా దావీదు పుట్టాడు, మన ప్రభువు పుట్టాడు. ఆ తల్లికి తెలియకుండానే" అంది. తర్వాత నన్ను కాసేపు ఏడవనిచ్చింది.

పెళ్ళికి ముందు మా ఇంట్లో కూడిక పెట్టాలని అమ్మ ఆజ్ఞ. పెళ్ళిపనుల టెన్షన్‌లో ఇదొకటా అని మావారు మొదట అన్నారు, తర్వాత ఆయనే చాపలు, కుర్చీలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కొచ్చారు. అబ్బాయి వాళ్ళనీ పిలిచాం. అయ్యగారు తెలుగులో చెప్తే సండే స్కూల్ టీచరమ్మ తమిళంలోకి తర్జుమా చేస్తుంది. నూటఇరవైఒకటో కీర్తన పిల్లే తెలుగులో చదువుతానంది, "నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును" అన్న వచనం దాకా. రాత్రుళ్ళు అమ్మమ్మ దగ్గర కూర్చుని ప్రాక్టీసు చేస్తోంది. పులిహోర, సేమ్యా పాయసం నా వంతు.

గది గదికీ వెళ్ళి చెప్పడం మాత్రం ఈసారి నువ్వే చెయ్యాలి, నాకు నడవడం కష్టం అంది అమ్మ. అందుకని రాసుకోవడం మొదలుపెట్టాను. హాల్లో, 2015 డిసెంబరు వరదలప్పుడు మా ఆడపడుచు కుటుంబం ఈ నేల మీదే పడుకున్న రోజులు, అప్పుడు పిల్ల తన దుప్పటి వాళ్ళ బాబుకి ఇచ్చేసి నా పక్కకి వచ్చి పడుకోవడం. వంటింట్లో, అది మొదటిసారి చేసిన చపాతీలు, వాటిని వాళ్ళ నాన్న రెండోసారి అడిగి తినడం. బాల్కనీలో, దానికి మొదటి జీతం వచ్చిన రోజు కానుక కవరు మీద పేరు రాయకుండా ఎంత వెయ్యాలని నన్ను అడగడం. దాని గదిలో, అమ్మ అరచేతిలో 'య' రాసి చూపించిన మధ్యాహ్నం. అక్కడిదాకా రాశాను. ఆ గదివే ఇంకా చాలా ఉన్నాయి.